కామెంట్లో దండాలు పెడితే ఇంటర్వ్యూ రాదు తమ్మీ

నమస్తే, హనుమకొండ నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ కొంచెం చిరాకుగానే ఉన్నా, ముందే చెప్తున్నా. ఫ్యాన్ సైట్లు నడిపే తమ్ముళ్లు, చెల్లెళ్లు మస్తుమంది ఉన్నారు, సైట్లు కూడా మంచిగుంటాయి, కానీ ఇంటర్వ్యూ కావాలంటే మాత్రం ఇన్‌స్టాలో తమ అభిమాన కళాకారుడి ఫొటో కింద "సార్ ప్లీజ్, ఒక్క ఇంటర్వ్యూ" అని రాసి, పక్కన వరుసగా దండాలు పెట్టి, జవాబు రాలేదని అలుగుతారు. ఎప్పుడు, ఎంతసేపు, దేని గురించి? ఏదీ చెప్పకపోతే ఆయన దేనికని ఒప్పుకోవాలి?

సినిమా పాటల రచయిత చంద్రబోస్ గారినే తీసుకుందాం. మన దిక్కు మనిషి, ఒకప్పటి వరంగల్ జిల్లా చల్లగరిగ. ఆయన పాటల మీద నీకో సైట్ ఉందనుకో. నీ మెయిల్ ఆయనకంటే ముందు చదివేది మేనేజరో, సినిమా ప్రచారం చూసుకునే పీఆర్వోనో. పీఆర్వో పేరు పోస్టర్ కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది, మనం హీరో పేరు దగ్గరే ఆగిపోతాం.

(స్క్రీన్ మీద మెయిల్)

సబ్జెక్ట్: చంద్రబోస్ గారితో ఫోన్ ఇంటర్వ్యూ కోసం, 20 నిమిషాలు.

"నమస్తే అండి. మాది హనుమకొండ. చంద్రబోస్ గారి పాటల మీద వెబ్‌సైట్ నడుపుతున్నాను, లింక్ కింద ఉంది. ఆయన తొలి రోజుల పాటల గురించి మాట్లాడాలని ఉంది. వచ్చే నెలలో వారికి ఏ రోజు వీలైనా సరే. ఆడియో రికార్డు చేసుకుని, రాసి సైట్లో పెడతాను. మూడు ప్రశ్నలు కింద ఇస్తున్నాను."

అంతే. వీరాభిమానినని ఒక్క ముక్క చాలు. "మీకు మంచి పబ్లిసిటీ" అని అసలే రాయకు, 'నాటు నాటు'కు కీరవాణి గారితో కలిసి 2023లో ఆస్కార్ అందుకున్న మనిషికి నువ్విచ్చే పబ్లిసిటీ ఏంది?

అసలు పనంతా ప్రశ్నల్లోనే ఉంది. ఆస్కార్ వచ్చినప్పుడు ఎలా అనిపించిందని అందరూ అడిగేశారు, జవాబు యూట్యూబ్‌లో ఉంది. రిపోర్టర్‌కు లేని తీరిక నీకుంది, పాటలన్నీ నోటికొచ్చు, అది వాడు. 1995లో 'తాజ్‌మహల్' సినిమాకు రాసిన తొలి పాటను ఇప్పుడు మళ్లీ రాస్తే ఏ మాట మారుస్తారు? చల్లగరిగలో విన్న మాట ఏదైనా పాటలో పెట్టి, ట్యూన్‌కు కుదరక తీసేశారా? ఇట్లాంటివి చూస్తే, ఇది టైంపాస్ కాదని పీఆర్వోకు అర్థమవుతుంది.

టైం అయిపోతుంది, మిగతావి గబగబా. సినిమా రిలీజ్ వారంలో అడగకు, ఆ హడావుడిలో చిన్న సైట్లను ఎవరూ పట్టించుకోరు. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తు చెయ్యి, రోజూ గుడ్ మార్నింగ్‌లు పంపకు. ఫోన్ కుదరదంటే, వాయిస్ మెసేజ్‌లో చెప్పినా చాలు అని చెప్పు. రికార్డు బటన్ నొక్కే ముందు అడుగు. ఫొటోలు గూగుల్లోంచి లేపకు, వాళ్లనే అడిగి తీసుకుని, తీసినవాళ్ల పేరు వెయ్యి. ఎవరో పర్సనల్ నంబర్ ఇచ్చారని రాత్రి పదింటికి ఫోన్ కొట్టడం, ఇంటి గేటు ముందు నిలబడటం, ఇవి వద్దే వద్దు. కుదరదన్నారా, థ్యాంక్స్ చెప్పి ఊరుకో, కొత్త పాట వచ్చాక మళ్లీ అడుగు.

మెయిల్ నమూనా డిస్క్రిప్షన్లో పెడుతున్నా. కాపీ కొట్టండి గానీ పేరు మార్చుకోండి, చంద్రబోస్ గారని రాసిన మెయిల్ ఇంకో కవి మేనేజర్‌కు పోయిందంటే ఇక ఆ పక్క మీ సంగతి ఎవరూ వినరు.