ఒక్క పూట శిక్షణతో సరిపోదు: డిస్లెక్సియా ఉన్న పిల్లలకి చదవడం నేర్పే టీచర్ల గురించి

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో డైట్, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ లెక్చరర్లు, వెనక టీచర్లు కాబోతూ ఇక్కడ శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయులు కూర్చున్నారు. నేను ఎక్కువగా మాట్లాడేది వెనకున్నవాళ్ళతో, అయితే చివర్లో అడగబోయేది మాత్రం ముందున్నవాళ్ళని.

డిస్లెక్సియా అంటే తెలివి ఉన్నా చదవడం మాత్రం బాగా కష్టమయ్యే ఇబ్బంది. దాని మీద శిక్షణ అంటే మన దగ్గర సాధారణంగా ఒక పూట కార్యక్రమం. ఒక పవర్‌పాయింట్, డిస్లెక్సియా ఉండి కూడా గొప్పవాళ్ళైన వాళ్ళ ఫోటోలు, చివర్లో "ఈ పిల్లల్ని తిట్టకండి, కొట్టకండి, ప్రేమగా చూడండి" అనే మాట. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం, దాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. కానీ మర్నాడు పొద్దున్నే మూడో తరగతి గదిలో, తిట్టకుండా, కొట్టకుండా, ఎంతో ప్రేమగా ఆ పిల్లవాడి పక్కన కూర్చున్న టీచరు తర్వాత ఏం చెయ్యాలి? ఏ అక్షరంతో మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగుతున్నాడో ఎలా కనిపెట్టాలి, ఒత్తు దగ్గర తడబడితే ఏం చెప్పాలి? అది ఆ పూట శిక్షణలో లేదు. ఈరోజు నేను మాట్లాడేది దాని గురించే.

ముందు ఒక పాత సంగతి. 1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. ఆ కుర్రాడు తెలివైనవాడు, లెక్కలు బాగా చేస్తాడు, చదవడం మాత్రం రాదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తానికి వీడే చురుకైనవాడు అవుతాడని వాళ్ళ మాస్టారు అన్నాడని కూడా ఆ డాక్టరు రాశాడు. డాక్టరు కంటే ముందే ఆ మాస్టారికి విషయం అర్థమైంది చూడండి, రోజూ పిల్లవాడిని చూసేది ఆయనే కదా. ఆ రోజుల్లో ఇది చూసిన మాటల రూపాన్ని గుర్తుపెట్టుకోవడంలో లోపం అనుకున్నారు, అందుకే పదాంధత్వం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇప్పుడు మనకి తెలిసింది వేరు. చాలామంది పిల్లల్లో చిక్కంతా మాటలోని ధ్వనులని విడదీసుకోవడంలో, ఆ ధ్వనిని అక్షరంతో టక్కున కలుపుకోవడంలో ఉంటుంది. కంటి పరీక్ష, చెవి పరీక్ష తప్పకుండా చేయించాలి, ఇంకే కారణమూ లేదని తేల్చుకోవడానికి. ఇది తెలివికి సంబంధించింది కాదు, బద్ధకం అసలే కాదు, చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది.

ఇక మన లిపి దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే శిక్షణ పుస్తకాల్లో డిస్లెక్సియా ఉదాహరణలన్నీ ఇంగ్లీషువే, బి-కి డి-కి తికమకపడడం లాంటివి, మన టీచరు నేర్పేదేమో తెలుగు.

తెలుగు ఎలా రాస్తామో అలాగే చదువుతాం, ఇంగ్లీషు స్పెల్లింగుల తంటా మనకి లేదు అంటాం. చాలావరకు నిజమే. కానీ మన పిల్లవాడు నేర్చుకోవాల్సిన ఆకారాలు ఇరవయ్యారు కాదు. అచ్చులు, హల్లులు, తలకట్టు నుంచి ఔత్వం దాకా గుణింతపు గుర్తులు, ఒత్తులు, ఇవన్నీ కలిస్తే వందల ఆకారాలు. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది, మన లిపికి అక్కచెల్లెలు లాంటి ఆ లిపిలో పిల్లలు నాలుగో తరగతికి వచ్చినా అక్షరాలు ఇంకా నేర్చుకుంటూనే ఉంటారని అందులో తేలింది. మామూలు పిల్లలకే అంత కాలం పడుతుంటే, మనం రెండో తరగతికల్లా ఒత్తులు అయిపోవాలని తొందరపెడుతున్నాం.

వ, మ చూడండి. మధ్యలో తేడా కుడివైపున్న ఒక్క కొమ్ము. అందుకే వకి కొమ్ము ఇవ్వాల్సి వచ్చినప్పుడు కిందికి దించి రాస్తాం, లేకపోతే అది మ అయిపోతుంది. మొ, యొ మిగతా అక్షరాల ఒత్వంలా ఉండవు. ద-ధ, బ-భ, ప-వ-ష, ఇవన్నీ మీకు తెలిసినవే. మొదటి రోజు మనం నేర్పే "అమ్మ" అనే మాటనే తీసుకోండి: కింద ఉన్న మ ఒత్తుకి పైన ఉన్న మతో పోలికే లేదు! త, న, య, ర, ల ఒత్తులదీ అదే సంగతి. పిల్లవాడు "అమ్మ" అని చదివితే చదివాడనుకుంటాం, నిజానికి వాడు దాన్ని ఒక బొమ్మలా గుర్తుపడుతున్నాడు.

ఇంకొకటి, ఇది చాలామంది టీచర్లు ఎప్పుడూ ఆలోచించి ఉండరు. "భక్తి" అని రాయండి. గుడి ఎక్కడుంది? క మీద ఉంది. ఇకారం ఎక్కడ పలుకుతున్నాం? త తర్వాత. కంటికి కనిపించే వరుస ఒకటి, నోటితో పలికే వరుస ఇంకొకటి. పిల్లవాడు "భకిత" అని చదివాడనుకోండి, వాడు కళ్ళకి కనిపించినదాన్ని కనిపించిన వరుసలో నిజాయితీగా చదివాడు. ఆ సంగతి తెలిసిన టీచరు "గుడి పైన కనిపిస్తుంది గాని, కింద ఒత్తు పలికాక దాన్ని పలకాలి" అని చూపించి, శక్తి, రక్తి, ముక్తి లాంటి నాలుగు మాటలు రాసి చదివిస్తుంది. తెలియని టీచరు "సరిగ్గా చూసి చదువు" అంటుంది. వాడు చూస్తూనే ఉన్నాడమ్మా, చూడమంటే ఏం లాభం?

టీచరుకి కావాల్సిన ప్రధానమైన తయారీ ఇదేనని నా నమ్మకం. డిస్లెక్సియా నిర్వచనం అప్పజెప్పడం కంటే, తన భాష లిపి ఎలా పనిచేస్తుందో విడమరిచి తెలిసి ఉండడం. అమెరికాలో లూయిసా మోట్స్ అనే పరిశోధకురాలు 1994లోనే ఈ మాట అన్నారు, చదవడం నేర్పే టీచర్లలో చాలామందికి మాటలోని ధ్వనుల గురించి, స్పెల్లింగు నిర్మాణం గురించి తగినంత తెలియదని పరీక్ష పెట్టి మరీ చూపించారు. మనం చక్కగా చదవగలం కాబట్టి చదవడం నేర్పగలం అనుకుంటాం. ఆ రెండూ వేరు.

మిసిసిపీ రాష్ట్రం సంగతి కూడా చెప్పాలి. పేద రాష్ట్రం, నాలుగో తరగతి పిల్లలు చదవగలగడంలో అమెరికాలో దాదాపు అట్టడుగున ఉండేది. 2013లో చట్టం చేసి, చిన్న తరగతుల టీచర్లకి ధ్వనులు, అక్షరాల నిర్మాణం మీద సుదీర్ఘమైన శిక్షణ ఇచ్చారు, వెనకబడిన బడులకి కోచ్‌లని పంపారు, వాళ్ళు వచ్చి తరగతి గదిలోనే టీచరు పక్కన నిలబడి సాయం చేశారు. 2019కల్లా జాతీయ సగటుని అందుకున్నారు. అదే చట్టంలో, చదవలేని పిల్లల్ని మూడో తరగతిలోనే ఆపేయడం కూడా ఉంది, ఆ ముక్క నాకు నచ్చదు, మనం తెచ్చుకోనవసరం లేదు. తెచ్చుకోవాల్సింది శిక్షణ తర్వాత కూడా టీచరు పక్కన ఒక మనిషి ఉండడం.

మన బడుల్లో డిస్లెక్సియా ఎందుకు దాక్కుంటుందో ఇప్పుడు చెబుతాను. ఒకటి, అందరూ కలిసి గట్టిగా చదవడం. నలభై మంది గొంతుల్లో ఒక గొంతు అర సెకను వెనక వస్తోందని ఎవరికి తెలుస్తుంది? రెండోది గుణింతం పాట. క కా కి కీ అని వరుసగా అద్భుతంగా పాడేస్తాడు, మధ్యలో "కె" మీద వేలు పెట్టి ఇదేంటి అంటే, మళ్ళీ మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి చెబుతాడు. మూడోది బట్టీ. పాఠం మొత్తం నోటికి వచ్చేసి ఉంటుంది, వేలు ఒక లైను మీద ఉంటే నోరు ఇంకో లైనులో ఉంటుంది. నల్లబల్ల మీదది చూసి ముత్యాల్లాంటి అక్షరాలతో దించేసి, ఆ దించిందాన్ని చదవలేని పిల్లలు కూడా ఉంటారు, కాపీ నోటుబుక్కు చూసి మోసపోకండి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, వాళ్ళు ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు ఇవ్వాలి. దాంతోపాటు అర్థం లేని మాటలు నాలుగు, "లిసుకె", "తోమిర" లాంటివి. అర్థం లేనిదాన్ని బట్టీతో చదవలేరు.

ఇంకో ముఖ్యమైన విషయం వేగం. ఇటాలియన్, ఫిన్నిష్ లాంటి, రాసినట్టే చదివే భాషల్లో డిస్లెక్సియా ఉన్న పిల్లలు కొన్నాళ్ళకి తప్పుల్లేకుండా చదవడం నేర్చుకుంటారు, కానీ విపరీతమైన నెమ్మది మాత్రం మిగిలిపోతుంది. మన పిల్లల్లోనూ అదే చూడాలి. ఐదో తరగతిలో కూడా కూడబలుక్కుని, అక్షరం అక్షరం తడుముకుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయే పిల్లని "మెల్లగా అయినా తప్పుల్లేకుండా చదువుతోంది కదా" అని వదిలేస్తున్నాం. తర్వాత హైస్కూలుకి వెళ్ళి సోషల్ పాఠం ముందు పడుతుంది, అప్పుడు ఆ టెన్షన్ మొత్తం ఆ పిల్లదే.

మరి నేర్పడం ఎలా? దీనికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. ముందు చెవికి పని. "పలక" అన్నప్పుడు మూడు చింతగింజలు పెట్టించండి, ఒక్కో అక్షరానికి ఒకటి. ప తీసేస్తే ఏం మిగిలింది? లక. ఇది వచ్చాక ఇంకా లోపలికి వెళ్ళాలి, ల-లో ల్ ఉంది, అ ఉంది అని వినిపించాలి, మనం వ్యాకరణంలో ఎప్పుడో పెద్ద తరగతుల్లో చెప్పే ఆ ముక్క నిజానికి ఈ పిల్లలకి ఒకటో తరగతిలోనే ఆటగా కావాలి. తర్వాత అక్షరాలతో గొలుసు: కాలు అని రాయించి, క మార్చి పాలు, దీర్ఘం మార్చి పూలు, చివరి అక్షరం మార్చి పూత, కొమ్ముదీర్ఘం తీసి గుడిదీర్ఘం పెట్టి పీత, ప మార్చి గీత. ప్రతిసారీ ఒక్కచోటే మార్పు, ఏది మారిందో నోటితో చెప్పించాలి. రాస్తున్నప్పుడు ఆ ధ్వని పలుకుతూ రాయాలి. 1930ల్లో అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనే ఇద్దరి కృషితో వచ్చిన పద్ధతిలో చూపు, వినికిడి, చేతి కదలిక మూడూ ఒకేసారి వాడడం ముఖ్యం. మన వీధిబడుల్లో ఇసుకలో దిద్దించడం ఎవరికి తెలియదు? దిద్దుతున్నంతసేపూ ఆ ధ్వని పైకి పలికించడం మర్చిపోకండి, పలక్కుండా దిద్దితే అది ఉత్త గీతే.

ఒత్తులు ఒకేసారి అన్నీ పెట్టొద్దు. ముందు తలకట్టు తీసేస్తే వచ్చే ఒత్తులు, అంటే గ, చ, డ, ప లాంటివి, పిల్లలు పోల్చుకోగలరు. ఆకారం పూర్తిగా మారేవి తర్వాత, ఒక్కొక్కటిగా, రోజుల తరబడి. చదవడానికి ఇచ్చే వాక్యాల్లో అప్పటిదాకా నేర్పిన అక్షరాలే ఉండాలి, బొమ్మ చూసి ఊహించి చెప్పమనడం మానాలి. అదే చిన్న పేరాని మూడు నాలుగు రోజులు మళ్ళీ మళ్ళీ చదివిస్తే నోరు తిరుగుతుంది, పిల్లకి ధైర్యం వస్తుంది, ఆ మొహం మీరే చూస్తారు.

ఇలా కొన్ని వారాలు గట్టిగా నేర్పితే క్లాసులో వెనకబడినవాళ్ళలో చాలామంది అందుకుంటారు. వాళ్ళకి లేనిది సరైన బోధన మాత్రమే. అప్పటికీ అందుకోలేని కొద్దిమందిని పరీక్షలకి పంపాలి. ఇంట్లో గోండి, కోయ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లల విషయంలో మరీ జాగ్రత్త, తెలుగే కొత్త కావడం వేరు, డిస్లెక్సియా వేరు. ఆ ధ్వనుల ఆటలు వాళ్ళ ఇంటి భాషలో ఆడించి చూడండి, అక్కడ చురుగ్గా ఉంటే ముందు తెలుగు మాట్లాడడం నేర్పాలి. ఇంగ్లీషు మీడియంలో ఉన్న పిల్లలని తెలుగులో కూడా చదివించి చూడాలి, రెండు లిపులూ ఒకేసారి నెత్తిన పడినప్పుడు చిక్కు ఎక్కడుందో ఒక్క ఇంగ్లీషు చూసి చెప్పలేం.

సర్టిఫికెట్ గురించి ఒక్క మాట. 1995 చట్టంలో ఈ పిల్లల ప్రస్తావనే లేదు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల్లో డిస్లెక్సియా చేరింది, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటివి వచ్చాయి. మంచిదే, పోరాడి తెచ్చుకున్నవి, అర్హత ఉన్న ప్రతి బిడ్డకీ ఇప్పించాలి. కానీ 2018లో వచ్చిన మార్గదర్శకాలు మొదటి సర్టిఫికెట్‌ని ఎనిమిదేళ్ళ వయసులో పెట్టాయి. అప్పటికి మూడో తరగతి వచ్చేస్తుంది. దానికోసం ఆగితే ఆ మూడేళ్ళు పోయినట్టే. గింజలు పెట్టించడానికి, గొలుసు రాయించడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడి ఐఈఆర్‌పీలతో, అంటే ఆ పిల్లలకి నేర్పే టీచర్లతో మాట్లాడండి, అయితే పిల్లవాడిని వాళ్ళకి అప్పగించి చేతులు దులుపుకోకండి. రోజూ వాడితో ఉండేది మీరు.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు కూడా దాపరికం వద్దు. "అమ్మా, మీ వాడికి తెలివి తక్కువేం కాదు, చదవడం ఒక్కటే వాడికి కష్టం, ఇంకో పద్ధతిలో నేర్పాలి, నేను మొదలుపెట్టాను, ఇంట్లో మీరు కొట్టకండి, రోజూ కాసేపు వాడికి కథ చదివి వినిపించండి" అని చెప్పండి. ఆ తల్లికి చదువు రాకపోతే కథ చెప్పమనండి, మాటలు పెరుగుతాయి. నాన్నకి కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేదని చాలాసార్లు ఆ తల్లే చెబుతుంది, అప్పుడు ఆ నాన్న మొహం కూడా చూడండి, ఇన్నేళ్ళూ తనని తాను మొద్దు అనుకున్న మనిషి ఆయన.

ఇక ముందు వరుసల వాళ్ళకి. సార్, మేడమ్, టీచింగ్ ప్రాక్టీసులో మన ఛాత్రోపాధ్యాయులు పాఠ్య ప్రణాళికలు రాస్తారు, చార్టులు చేస్తారు, నలభై మంది ముందు పాఠం చెబుతారు. దాంతోపాటు ప్రతి ఒక్కరికీ చదవడం రాని ఒక్క బిడ్డని అప్పగించండి. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున, ఒక టర్మ్ మొత్తం. ఆ బిడ్డ చదివినప్పుడు తప్పు-ఒప్పు టిక్కులు పెట్టకుండా, నోటి నుంచి వచ్చిన మాటని వచ్చినట్టే రాసుకోవాలి: "భక్తి"ని "భకిత" అన్నాడు, "వాన"ని "మాన" అన్నాడు అని. వారం చివర మీరు ఆ కాగితం ముందు పెట్టుకుని, ఈ తప్పు ఎందుకు వచ్చింది, సోమవారం ఏం నేర్పుతావు అని అడగాలి. అలా అడగాలంటే ముందు మీకు కూడా ఆ జవాబు తెలిసి ఉండాలి, కాబట్టి మీరు కూడా ఒక్కొక్క బిడ్డని తీసుకోండి. పక్క ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడాను, రెండు నుంచి ఐదు తరగతుల పిల్లల పేర్లు ఇస్తామన్నారు. ఎవరెవరికి ఎవరన్నది మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇక్కడే కూర్చుని రాసుకుందాం.