తుడిచే ముందు ఒక్కసారి ఆగండి

మిత్రులందరికీ నమస్కారం.

ఈ ప్రసంగం అయ్యాక మీలో చాలామంది నన్ను అడగబోయే ప్రశ్న నాకు ముందే తెలుసు. "మా తాతగారి తుపాకీ ఒకటి ఉందండీ, ఎంత పలుకుతుంది?" దానికి నేనెప్పుడూ ఎదురు ప్రశ్నే వేస్తాను. "దాన్ని ఎవరైనా బాగు చేయించారా?" అని. "అవునండీ, కొత్తదానిలా తళతళలాడేట్టు చేయించాం" అని ఉత్సాహంగా చెబుతారు. అప్పుడు నా ముఖం దాచుకోవడం కష్టమవుతుంది.

పాత వస్తువుకి మెరుగు పెడితే విలువ పెరుగుతుందని మన నమ్మకం. సేకరించదగ్గ తుపాకీల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. ఫ్యాక్టరీలో ఉక్కుకి ఇచ్చిన నీలినలుపు రంగును బ్లూయింగ్ అంటారు. అందులో ఎంత శాతం మిగిలిందన్నదే కలెక్టర్ల, అంటే పాత తుపాకీలు సేకరించేవాళ్ల, కొలత. 98 శాతం మిగిలినదానికీ 80 శాతం మిగిలినదానికీ ధరలో చాలా దూరం ఉంటుంది. వయసుతో గోధుమరంగుకు తిరిగినా సరే, అసలు రంగుకి ఒక మర్యాద ఉంది. మళ్లీ వేయించిన రంగుకి ఆ మర్యాద దక్కదు.

మళ్లీ వేయించారని ఎలా పసిగట్టాలి? అంచులు చూడండి. రంగు వేసేముందు లోహాన్ని సానపడతారు కాబట్టి పదునుగా ఉండాల్సిన మూలలు గుండ్రబడతాయి. కంపెనీ పేరు, సీరియల్ నంబరు అక్షరాలు పలచబడి అలుక్కుపోయినట్టుంటాయి. మర రంధ్రాల చుట్టూ చిన్న పళ్లెంలా పల్లం పడుతుంది. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం తుప్పు గుంటలు. గుంట లోపల కూడా రంగు నిగనిగలాడుతుంటే, తుప్పు ముందు పట్టిందనీ రంగు తర్వాత వచ్చిందనీ అర్థం. నేనూ మొదట్లో ఇలాంటిదొకటి మురిసిపోతూ కొన్నాను. ఇప్పటికీ ఇంట్లోనే ఉంది, కొనేవాడు దొరకలేదు.

తర్వాత నంబర్లు. జర్మన్ సైన్యం వాడిన లూగర్ పిస్టల్‌లో చిన్న చిన్న భాగాల మీద కూడా సీరియల్ నంబరులోని చివరి రెండు అంకెలు కొట్టి ఉంటాయి. అన్నీ కలిస్తే ఒక ధర, ఒక్క భాగం వేరే పిస్టల్‌ది అయినా ఇంకో ధర. కాల్చడానికి తేడా ఏమీ తెలియకపోవచ్చు, కానీ కలెక్టర్ కొనేది కాల్చడానికి కాదు కదా.

తయారైన సంవత్సరం కూడా అంతే. వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ 1936లో వచ్చింది. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ 1964లో దాని నిర్మాణం మార్చింది. అభిమానులు అలిగారు. అంతకుముందువాటికి "ప్రీ-64" అన్న పేరు స్థిరపడిపోయింది, ఆ పేరే ఇవాళ్టికీ ధర పెంచుతోంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మిగిలిపోయిన లీ-ఎన్‌ఫీల్డ్, మౌజర్ సైనిక రైఫిళ్లను చవగ్గా కొని, స్టాక్ అనే చెక్క భాగం కోసి, గొట్టం కురచ చేసి వేటకు వాడుకున్నారు. అప్పట్లో అది తెలివైన పనే. ఇప్పుడు కోత పడని రైఫిలే కావాలంటున్నారు.

ఇక ఎయిర్ రైఫిళ్లు, అంటే మందుతో కాక గాలి ఒత్తిడితో పేలేవి. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువ చెబితే భరించండి. అమెరికాలో షెరిడాన్ కంపెనీ మొదట చేసిన మోడల్ ఎ చాలా నాణ్యమైనది, ఆ నాణ్యతకు తగ్గట్టే ఖరీదైనది కూడా. జనం కొనలేదు. సుమారు 2 వేలు మాత్రమే తయారయ్యాయి. ఆనాడు అమ్ముడుపోకపోవడం వల్లే ఈనాడు దానికోసం వెతుకుతున్నారు. అంతమాత్రాన అరుదైన ప్రతిదానికీ గిరాకీ ఉంటుందనుకోకండి, ఎవరూ అడగని అరుదైన వస్తువులు బోలెడు.

ఎయిర్ రైఫిల్‌లో ఇంకో తమాషా ఉంది. పెట్టె విప్పకుండా దాచిన తుపాకీ కూడా పాడై ఉండొచ్చు. 1970ల నాటి జర్మన్ ఎయిర్ రైఫిల్ ఫైన్‌వెర్క్‌బావ్ 124లో పిస్టన్ సీల్, అంటే గాలి పక్కకు పోకుండా ఆపే బిరడా లాంటిది, ప్లాస్టిక్‌ది. కాల్చినా కాల్చకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ అది పొడిపొడిగా రాలిపోతుంది. పాత తోలు సీల్ అలా కాదు, ఎండిపోతే నాలుగు చుక్కల నూనె పడితే తరచూ కోలుకుంటుంది. కాబట్టి "కాల్చే బలం తగ్గింది" అన్న మాట విని బేరం వదులుకోకండి. సీల్, స్ప్రింగ్ అరిగిపోయే సరుకు, మారిస్తే ఎవరూ తప్పుపట్టరు. తీసిన పాతవి పారేయకుండా ఓ కవర్లో వేసి ఉంచండి. అసలు అట్టపెట్టె, కాగితాలు ఉంటే ఇంకా మంచిది.

కథల సంగతి. "ఇది ఫలానా వీరుడు వాడింది" అంటారు. కాగితం చూపించమనండి. కోల్ట్ కంపెనీ తన పాత రికార్డులు వెతికి, ఆ సీరియల్ నంబరు తుపాకీ ఎప్పుడు, ఎవరికి పంపారో ఉత్తరం రాసిస్తుంది, రుసుము తీసుకుని. అలాంటి కాగితం లేకపోతే కథ వినండి, డబ్బు మాత్రం తుపాకీకే ఇవ్వండి.

ధర తేల్చేటప్పుడు అమ్మేవాడు అడుగుతున్న రేటు చూడొద్దు. అదే మోడల్, అదే స్థితిలో, ఈమధ్య నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడండి. వేలంలో అయితే పాట ధర మీద కొనుగోలుదారు కమిషన్ కూడా పడుతుంది, అది కలిపారో లేదో గమనించండి. లైసెన్సు నియమాలు దేశానికో తీరు, చేతులు మారకముందే కనుక్కోండి.

సరే, మీరు తెచ్చినవి ఇప్పుడు ఈ బల్ల మీద చూద్దాం. ముందుగా గొట్టం గోడ వైపు తిప్పి, లోపల గుండు లేదని మీరొకసారి, నేనొకసారి చూసుకుందాం. ఎయిర్ రైఫిల్ అయినా సరే. ఆ జేబురుమాలు మాత్రం లోపల పెట్టేయండి బాబూ, ఆ మరక నేను అలాగే చూడాలి.