మళ్లీ మూతపడ్డ కాలేజీలు: విద్యార్థుల ఆరోగ్యం మాటేమిటి? (స్టూడియో చర్చ)

(2021 మార్చి 24, హైదరాబాద్. కరోనా కేసులు మళ్లీ పెరగడంతో, వైద్య కళాశాలలు మినహా రాష్ట్రంలో విద్యాసంస్థలన్నీ ఆ రోజు నుంచే మూతపడ్డాయి. ఒకరి మాట మీద ఒకరు పడినచోట వినిపించినంతే రాశాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఫిబ్రవరి 1న తెరిచిన కాలేజీలు రెండు నెలలైనా నడవలేదు. మంత్రి సబితా ఇంద్రారెడ్డి గారు నిన్న శాసనసభలో ప్రకటన చేశారు, పిల్లలు మళ్లీ పెట్టెలు సర్దుకున్నారు. ఇక పొద్దస్తమానం చేతిలో ఫోనే. ఫోన్ మన యువతను మింగేస్తోందా? ప్రిన్సిపాల్ గారూ, మీరు మొదలుపెట్టండి.

రిటైర్డ్ ప్రిన్సిపాల్: మింగేస్తోందా అని అడుగుతారేంటండీ, ఎప్పుడో మింగేసింది! నేను హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను. అయిదింటికి గంట కొడితే లేచేవాళ్లు. ఇప్పుడు మా మనవడు పదింటి క్లాసుకు రెండు నిమిషాల ముందు లేస్తాడు. దుప్పట్లోంచే లాగిన్. పళ్లు కూడా తోముకోడు!

పీజీ విద్యార్థిని: సార్, అందరూ అలా...

ప్రిన్సిపాల్: ఉండమ్మా, పూర్తి చేయనీ. రాత్రి రెండింటికి నూడుల్స్, పగలంతా నిద్ర. క్రమశిక్షణ పోయింది. అంతే!

డాక్టర్: నిద్రవేళలు మారిన మాట నిజమే. కానీ దానికి సోమరితనం ఒక్కటే కారణం కాదు. పొద్దున్నే ఎండ తగలడం, క్లాసుకు పరుగెత్తడం, వేళకు మెస్‌కు వెళ్లడం... ఇవే ఒంటికి వేళ తెలిపేవి. అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పోయిన నవంబర్‌లో మళ్లీ చెప్పింది. హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కు నడవడంలోనే అందులో చాలావరకు తీరిపోయేది.

వ్యాఖ్యాత: అంటే ఫోన్ వల్ల నడక పోయిందంటారు.

డాక్టర్: నేనలా అనలేదండీ. క్యాంపస్ మూసేస్తే పోయిందన్నాను.

వ్యాఖ్యాత: కానీ చేతిలో ఉన్నది ఫోనే కదా!

విద్యార్థిని: ఆ ఫోనే లేకపోతే క్లాసు ఎట్లా వినాలి సార్? మాది ఆదిలాబాద్ జిల్లా. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, నాకూ తమ్ముడికీ కలిపి. రోజుకు 1.5 జీబీ డేటా. పోయినేడాది ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, కెమెరా ఆపేసి, జొన్నరొట్టెలు చేసుకుంటూ పాఠం విన్నాను. అటెండెన్స్ పిలిచేసరికి రెండు చేతులకూ పిండి. ముక్కుతో నొక్కి మ్యూట్ తీశాను.

(నవ్వులు. ఆమె నవ్వలేదు.)

ప్రిన్సిపాల్: జొన్నరొట్టె కంటే మంచి తిండి ఏముందమ్మా! సిటీ పిల్లలకు అదే లేదు. ఇంట్లో ఉంటే ఆరోగ్యమే...

విద్యార్థిని: సార్, తిండి గురించి కాదు నేను...

వ్యాఖ్యాత: తిండి అంటే గుర్తొచ్చింది. పోయినేడాది చికెన్ తింటే కరోనా వస్తుందని పుకారు పుడితే, ట్యాంక్‌బండ్ దగ్గర మంత్రులే తిని చూపించారు. డాక్టర్ గారూ, తినొచ్చా?

డాక్టర్: శుభ్రంగా తినొచ్చు. ఉడికించి తినండి. అసలు విషయానికి...

ప్రిన్సిపాల్: కషాయం సంగతి చెప్పండి! మా ఇంట్లో రోజూ శొంఠి, మిరియాలు.

డాక్టర్: మితంగా అయితే సరే. ఖాళీ కడుపున అయిదారుసార్లు తాగి, కడుపులో మంటని వచ్చేవాళ్లను చూస్తున్నాం. నేను చెప్పాలనుకున్నది వేరే. జీవన నాణ్యతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థకు 26 ప్రశ్నల పత్రం ఒకటుంది. శరీరం, మనసు, మనుషులతో సంబంధాలు, చుట్టూ ఉన్న పరిస్థితులు, ఈ నాలుగూ చూస్తారు. నిద్ర తృప్తిగా ఉందా అని అడుగుతారు. అవసరాలకు డబ్బు సరిపోతోందా అనీ అడుగుతారు.

విద్యార్థిని: డబ్బు గురించి కూడా ఉందా మేడమ్? మరి మమ్మల్ని ఎవరూ అడగరేం? లాక్‌డౌన్‌లో నాన్నకు పని లేదు. అప్పుడు నేను డిగ్రీ ఫైనలియర్. పరీక్షలు పెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 28న చెప్పేదాకా ఏదీ తేలలేదు. ఆ టెన్షన్‌తో నిద్రెలా పడుతుంది? హాస్టల్‌లో రోజూ ఖోఖో ఆడేదాన్ని. ఊళ్లో గ్రౌండ్‌కు పోతానంటే...

ప్రిన్సిపాల్: టెన్షన్ మాకు లేదా? మా రోజుల్లో లాంతరు కింద చదివాం! సైకిల్ తొక్కుకుంటూ పోయాం! ఎవరైనా డిప్రెషన్ అన్నారా?

డాక్టర్: అనలేదు సార్, బాధ లేక కాదు. చెప్పుకునే చోటు లేక.

ప్రిన్సిపాల్: అదే నేనూ అంటున్నా. ఇంట్లో పెద్దవాళ్లతో చెప్పుకోవాలి, ఫోన్‌తో కాదు!

వ్యాఖ్యాత: చూశారా, మళ్లీ ఫోన్ దగ్గరికే వచ్చాం.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. "కౌన్సెలర్" అన్న మాట డాక్టర్ గారిది. మిగతాది ప్రిన్సిపాల్ గారి గొంతులో కలిసిపోయింది.)

వ్యాఖ్యాత: సమయం తక్కువుంది. అందరికీ సమానంగా ముప్పై సెకన్లు. ప్రిన్సిపాల్ గారూ?

ప్రిన్సిపాల్: మూడే మాటలు. అయిదింటికి లేవండి. సూర్యనమస్కారాలు చేయండి. ఫోన్ అమ్మానాన్నలకు ఇచ్చేయండి. ఇంకో మాట, హాస్టళ్లలో ఇంతకుముందు...

(ఆ "ఇంకో మాట" బ్రేక్ మ్యూజిక్ మొదలయ్యేదాకా సాగింది.)

విద్యార్థిని: ఫోన్ ఇచ్చేస్తే రేపటి క్లాసు...

వ్యాఖ్యాత: క్షమించాలమ్మా, బ్రేక్ తీసుకోవాలి. డాక్టర్ గారూ, నిద్ర గురించి మీరు మరో రోజు తప్పకుండా చెప్పాలి. ఫోన్ దూరం పెట్టాలన్నది ప్యానెల్ అభిప్రాయం...

డాక్టర్: నా అభిప్రాయం అది కాదండీ!

వ్యాఖ్యాత: బ్రేక్ తర్వాత హెడ్‌లైన్స్.