మూడో బోర్డు మీద ఆట గురించి

సభాధ్యక్షులకు, ఆట తీర్పరులైన ఆర్బిటర్లకు, క్రీడాకారులకు, తల్లిదండ్రులకు నమస్కారం. విజేతలందరినీ మనసారా అభినందిస్తున్నాను. అయితే నాకిచ్చిన ఈ కొద్ది సమయాన్ని, ఈ చదరంగం పోటీ చివరి రౌండులో మూడో బోర్డు మీద డ్రాగా ముగిసిన ఆటకే వినియోగించుకోవడానికి అనుమతించండి.

నల్లపావులతో ఆడిన అమ్మాయి ఒక బంటు కోల్పోయి రూక్ ఎండింగ్‌లో, అంటే రాజులు, బంట్లు కాక రూక్‌లు (ఏనుగులు) మాత్రమే మిగిలే చివరి దశలో చిక్కుకుంది. అయినా తన రాజును ఎదుటి బంటుకు అడ్డంగా నిలిపి, రూక్‌ను తెల్లవైపు నుంచి లెక్కిస్తే ఆరో అడ్డవరుసలో కాపలా ఉంచి, తెల్లబంటు ఆ వరుసలోకి అడుగుపెట్టిన వెంటనే రూక్‌ను మొదటి వరుసకు పంపి వెనక నుంచి చెక్ మీద చెక్ చెప్పింది. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేరుతో ప్రసిద్ధమైన రక్షణ పద్ధతి అది. పుస్తకంలో చదవడం వేరు, గడియారంలో నిమిషం కూడా మిగలని వేళ బోర్డు మీద ఆడి చూపడం వేరు. తెల్లపావులతో ఆడిన అబ్బాయి కూడా ఉన్న దారులన్నీ వెతికిన తరువాతే, నియమం చెప్పినట్టు ముందు ఎత్తు వేసి, డ్రా ప్రతిపాదించి, ఆ పిమ్మట గడియారం నొక్కాడు.

ఆ పిల్లవాడు హాలు బయటకు రాగానే వినిపించిన మొదటి మాట, "బంటు ఎక్కువుండి కూడా గెలవలేకపోయావా?" అన్నది. అమ్మలారా, అయ్యలారా, ఆ మాట అనకండి. సరిగా కాపాడుకున్న ఆ స్థితిని ప్రపంచ విజేత సైతం గెలవలేడు. 2025లో జార్జియాలోని బతుమిలో జరిగిన మహిళల ప్రపంచకప్ ఫైనల్లో మన కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ ఎక్కువ సమయంతో ఆడిన రెండు క్లాసికల్ ఆటలూ డ్రాగానే ముగిశాయి. అంతటివారికి తప్పని ఫలితానికి మన పిల్లలు తలదించుకోవాలా?

పది ఎత్తులైనా ఆడకుండా చేతులు కలిపి పాయింటు పంచుకునే డ్రాలను నేను సమర్థించడం లేదు. నిర్ణీత ఎత్తుల లోపు ఆర్బిటర్ అనుమతి లేనిదే డ్రాకు ఒప్పుకోరాదని షరతు పెట్టే వీలు అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల్లోనే ఉంది. పిల్లల పోటీల్లో ఆ షరతు తప్పక ఉండాలి.

నిర్వాహకులకు ఒక్క విన్నపం. వచ్చే ఏడాది నుంచి, చివరిదాకా పోరాడి డ్రా చేసుకున్న ఆటల్లో ఉత్తమమైనదానికి ఒక బహుమతి పెట్టండి, ఖర్చు నేను భరిస్తాను. ఇప్పుడు మాత్రం ఆ ఇద్దరు పిల్లలూ వేదిక మీదికి వచ్చి, ఈ డెమో బోర్డుపై ఆ ఎండింగ్‌ను మనందరికీ ఎత్తు ఎత్తునా వివరించాలని కోరుతున్నాను.