ఒక్క వైపే మిగిలిన వసారా

శ్రోతలకు నమస్కారం.

లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణపు గట్టున సదర్క్ అనే పాత పేట ఉంది. అక్కడ బరో హై స్ట్రీట్ నుంచి పక్కనున్న ముంగిలిలోకి తిరిగితే, రెండంతస్తుల చెక్క వసారాలతో ఒక పొడవాటి కట్టడం కనిపిస్తుంది. అదే జార్జ్ ఇన్. ఇప్పుడు పబ్బు, ఒకప్పుడు ప్రయాణికుల పూటకూళ్ల ఇల్లు.

18వ శతాబ్దం దాకా లండన్ నగరంలోకి నది దాటించే వంతెన ఒక్కటే, లండన్ బ్రిడ్జి. దక్షిణం నుంచి, ముఖ్యంగా కెంట్ వైపు నుంచి వచ్చే దారి సదర్క్ మీదుగానే పోయేది. అందుకే ఈ వీధి పొడవునా ఇలాంటి ఇళ్లు వెలిశాయి. 1676లో పెద్ద అగ్నిప్రమాదం ఈ పేటను దహించింది. మరుసటి ఏడాదే జార్జ్‌ను పాత పద్ధతిలోనే తిరిగి కట్టారు.

ఆ పద్ధతి ఎంత తెలివైనదో చూడండి. గదుల ముందు, ముంగిలి వైపు తెరిచి ఉన్న వసారా. గదుల తలుపులు దానిలోకే తెరుచుకుంటాయి కనుక లోపల నడవా అక్కర్లేదు. బయటి గాలి, వెలుతురు నేరుగా గుమ్మం దాకా వస్తాయి. పిట్టగోడకు బదులు సన్నని చెక్క కమ్ముల వరస. దాని మీద చేతులు ఆనించి నిలబడితే కింద గుర్రాలు, బండ్లు, సామాన్లు దించే మనుషులు, అన్నీ కనిపించేవి. 16వ శతాబ్దంలో లండన్‌లోని ఇలాంటి కొన్ని ముంగిళ్లలో నాటకాలు ఆడేవారు. వసారాలో నిలబడి చూసేవారికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది! కిందికి వస్తే ఒకే పెద్ద హాలు ఉండదు. చిన్న చిన్న గదులు ఒకదానిలోంచి ఒకటి సాగుతాయి.

రైళ్లు వచ్చాక గుర్రపు బండ్ల కాలం పోయింది. ఈ వీధిలోనే ఉన్న టాబర్డ్, వైట్ హార్ట్ సత్రాలను 19వ శతాబ్దంలో కూల్చేశారు. జార్జ్‌కు మూడు వైపులా కట్టడం ఉండేది. గోదాముల కోసం 1889లో గ్రేట్ నార్తర్న్ రైల్వే రెండు వైపులు పడగొట్టింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఇది. 1937లో ఈ ఇల్లు, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. లండన్‌లో వసారాలతో మిగిలిన పాత సత్రం ఇదొక్కటే.

లండన్‌లో ఉన్న మన తెలుగువారు అటు వెళితే, ముంగిలి మధ్యలో నిలబడి ముందు ఆ వసారాలను తృప్తిగా చూడండి. తర్వాత దానికి వీపు పెట్టి ఎదుటివైపు చూడండి. అక్కడి నుంచి కూడా ఒకప్పుడు మనుషులు ఈ ముంగిలిలోకి తొంగి చూసేవారు.