ఎక్సెప్ట్‌లో సున్నా పెట్టేస్తున్నారా? ఒక్కసారి ఆగండి

నమస్తే అండి. స్క్రీన్ మీద ఉన్న ఈ పైథాన్ కోడ్ చూడండి. యూజర్‌ని అమౌంట్ అడుగుతున్నాం. ఇన్‌పుట్ నుంచి వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే, అంటే ఉత్త అక్షరాల వరసే కాబట్టి దాన్ని ఇంట్‌తో అంకెగా మారుస్తున్నాం. ఇదంతా ట్రైలో ఉంది. ట్రైలో ఎర్రర్ వస్తే నడిచే భాగం ఎక్సెప్ట్. దాన్ని కింద రాసి, ఏదైనా తేడా వస్తే అమౌంట్ సున్నా అని పెట్టాం.

నాకు భయమంతా ఆ సున్నా గురించే. కొత్తలో తెలిసినవాళ్ల కిరాణా కొట్టుకి ఖాతా లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను, సరిగ్గా ఇలాగే. కొట్టు ఆయన కాగితం మీద రాసే అలవాటు కొద్దీ 1,500 అని కామా పెట్టి కొట్టారు. కామా ఉంటే ఇంట్ ఒప్పుకోదు, ఈ విలువ పనికిరాదని వాల్యూఎర్రర్ ఇస్తుంది. నా ఎక్సెప్ట్ దాన్ని మింగేసి ఖాతాలో సున్నా రాసేసింది. ప్రోగ్రాం ఆగలేదు, ఎర్రర్ కనబడలేదు. నెలాఖరున లెక్క తేలక ఆయన రాత్రి పొద్దుపోయేదాకా చీటీలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. ప్రోగ్రాం ఆగిపోయి ఉంటే సంగతి ఆ పూటే తెలిసేది కదా!

అందుకే ఇలా మారుస్తున్నాను. ట్రైలో ఇంట్ ఉన్న ఒక్క లైనే ఉంచండి. ఎక్సెప్ట్ పక్కన వాల్యూఎర్రర్ అని పేరు రాయండి. పేరు రాయకపోతే, మీరు వేరియబుల్ స్పెల్లింగ్ తప్పు రాసినా ఆ నేమ్‌ఎర్రర్ కూడా అందులోనే పడిపోతుంది. తప్పు మీ కోడ్‌లో ఉంటే తిట్లు యూజర్‌కి. ఇదంతా మళ్లీ మళ్లీ అడిగే వైల్ లూప్‌లో పెట్టి, సరైన అంకె రాగానే బ్రేక్‌తో బయటికి. మెసేజ్‌లో వాళ్లు కొట్టింది వాళ్లకే చూపించండి: "మీరు 'ఐదొందలు' అని కొట్టారు, అంకెల్లో ఇవ్వండి." కామాలను రీప్లేస్‌తో ముందే తీసేద్దాం.

అంకెకు ముందూ వెనకా స్పేస్ ఉన్నా ఇంట్‌కి ఇబ్బంది లేదు. 45.50 ఇస్తే మాత్రం ఒప్పుకోదు, దానికి పూర్ణ సంఖ్యే కావాలి. మరి ౪౫ అని మన తెలుగు అంకెల్లో ఇస్తే? హాయిగా 45 అని తీసుకుంటుంది! నాకు ఎంత సంతోషమేసిందో.

పైసలు కూడా కావాలని, దశాంశాలు తీసుకునే ఫ్లోట్ వాడితే ఇంకో చిక్కుంది. ఎన్, ఏ, ఎన్ (nan, అంటే 'అంకె కాదు') అని మూడక్షరాలు కొడితే ఎర్రరే రాదు. అది సున్నా కన్నా తక్కువా అంటే కాదంటుంది, లక్ష కన్నా ఎక్కువా అన్నా కాదంటుంది. మీరు ఇలాంటి రెండు చెక్‌లు పెట్టినా దాటేసి లోపలికొస్తుంది. వచ్చింది మామూలు అంకేనా అని చూసే, మ్యాథ్ మాడ్యూల్‌లోని ఈజ్‌ఫైనైట్‌తో దాన్ని ఆపాలి.

సరే, రన్ చేస్తున్నాను. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కాను... మళ్లీ అడిగింది. ఇప్పుడు కామాతోనే 1,500... ఇదిగో, ఖాతాలో పదిహేను వందలు పడింది.