కొమ్ము విరిగిన ఆవు

శ్రోతలకు నమస్కారం.

ఒక చిన్న వాక్యంతో మొదలుపెడతాను. "మర తిప్పినవాడికి లక్ష్మి." జవాబు రెండు అక్షరాలు. చాలా కాలం కిందట ఒక వారపత్రిక గళ్ల నుడికట్టులో, అంటే క్రాస్‌వర్డ్‌లో, ఏడు అడ్డంగా వచ్చిన ఆధారం ఇది. నిలువు మాట ఒకటి పూరించేసరికి మొదటి గడిలో 'ర' వచ్చింది. లక్ష్మీదేవికి 'ర'తో మొదలయ్యే రెండక్షరాల పేరు ఇంకేముంటుంది? 'రమ' అని రాసేశాను. మరుసటి వారం జవాబుల్లో కూడా రమ అనే ఉంది. కానీ "మర తిప్పినవాడికి" అన్న మాటలు అక్కడ ఎందుకున్నాయో నాకు అంతుపట్టలేదు. పిండిమర నడిపేవాడికి నాలుగు డబ్బులొస్తాయి కదా, అదే కాబోలు అని సరిపెట్టుకోబోయాను. మనసు ఒప్పుకోలేదు. ఆ గడి పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.

మనసు ఎందుకు ఒప్పుకోలేదంటే, ఈ రకం నుడికట్టులో ఒక్క మాట కూడా ఊరికే రాదు. మామూలు పజిల్‌లో "లక్ష్మి" అని మాత్రమే అడుగుతారు. పేర్లు గుర్తుంటే చాలు. క్రిప్టిక్ క్రాస్‌వర్డ్ అలా కాదు. అందులో ప్రతి ఆధారానికి రెండు భాగాలుంటాయి. ఒకటి జవాబుకి అర్థం. రెండోది మామూలుగా ఆ జవాబుని అక్షరాలతో ఎలా కట్టాలో చెప్పే కిటుకు. అర్థం ఎప్పుడూ వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో దాక్కోదు. రెండూ అతికిన చోటు కనబడకుండా కూర్పరి వాక్యాన్ని నున్నగా రాస్తాడు. పద్యానికి పదచ్ఛేదం చేసినట్టు ఆ అతుకు ఎక్కడుందో పట్టుకోవడమే మన పని.

ఒక ఉదాహరణ చెబుతాను. "కడప తిరిగొచ్చాక మంచం." మూడు అక్షరాలు. వినగానే ఎవరో ప్రయాణం చేసి అలిసిపోయి పడుకున్నట్టు అనిపిస్తుంది. ఆ ప్రయాణాన్ని మరిచిపోండి. క, డ, ప. వెనక నుంచి చదవండి. ప, డ, క. పడక అంటే మంచమే. వాక్యంలో ఉన్న మాటలన్నీ పని చేశాయి, ఏదీ మిగల్లేదు. ఇదే ఆధారాన్ని "కడప తిరిగొచ్చి మంచం ఎక్కాడు" అని రాస్తే వాక్యం ఇంకా సహజంగా ఉంటుంది. కానీ "ఎక్కాడు" అన్న మాటకి పని లేదు. అలాంటి ఆధారాన్ని నేను ఒప్పుకోను. పూరించేవాడు ఆ మాట వెంట పడి అరగంట పోగొట్టుకుంటాడు. అది అన్యాయం.

ఈ న్యాయం గురించి ఇంగ్లాండులో పెద్ద చర్చే జరిగింది. క్రాస్‌వర్డ్ పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటిదాన్ని వజ్రం ఆకారంలో కూర్చాడు. అందులో సూటి ప్రశ్నలే ఉన్నాయి. దానికి ఈ మెలికలు నేర్పింది 1920ల నాటి బ్రిటిష్ కూర్పరులు. బ్రిటిష్ కూర్పరుల్లో ఆఫ్రిట్ అనే మారుపేరుతో రాసిన రిచీ అన్న మాట నాకు చాలా ఇష్టం. కూర్పరి పైకి చెప్పిందే అతని ఉద్దేశం కానక్కర్లేదట, కానీ అతని ఉద్దేశం మాత్రం ఆ మాటల్లో కచ్చితంగా ఉండి తీరాలట. దారి మళ్లించవచ్చు, అబద్ధం చెప్పకూడదు.

తెలుగులో శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక పేరుతో, ఆరుద్ర గళ్ల నుడికట్టు పేరుతో వీటిని కూర్చారు. మన భాషకి వచ్చేసరికి ఆట స్వరూపమే మారింది. ఇంగ్లీషులో గడికి ఒక లెటర్. మనకి గడికి ఒక నిండు అక్షరం, గుణింతంతో, ఒత్తుతో సహా. 'స్త్రీ' అనే మాట మనకి ఒక్క గడిలో ఒదిగిపోతుంది. అందుకే కూర్పరికి కష్టం ఎక్కువ. అడ్డం మాటలో 'లు' ఉంటే నిలువు మాటలోనూ అదే 'లు' కావాలి, 'ల' పనికిరాదు. పూరించేవాడికి మాత్రం ఒక్క అక్షరం దొరికితే సగం మాట దొరికినట్టే.

అక్షరాన్ని విడదీస్తే ఇంకా గొప్ప ఆట ఉంది. ఇది వినండి. "కొమ్ము విరిగిన ఆవు ఊరగాయకి ఘాటు." రెండు అక్షరాలు. ఆవుకి కొమ్ములుంటాయి సరే. 'వు' అనే అక్షరానికీ కొమ్ముంది కదా! అది తీసేస్తే 'ఆవ' మిగులుతుంది. ఆవపిండి లేని ఆవకాయ ఉందా? చిన్నప్పుడు బళ్లో గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, సున్న అని గుణింతం వల్లించిన ప్రతివాడికీ ఈ ఆధారం అందుతుంది. ఇంకే భాషలోకీ దీన్ని తీసుకెళ్లలేం. నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం ఇలాంటివే.

కళ్లతో కంటే చెవితో సులువుగా దొరికే ఆధారాలు కూడా ఉన్నాయి. రేడియో కాబట్టి ఒకటి చెబుతాను. "ఆ పాక లంకంత, అందులో రాసుకోవడానికి దొరికేది." రెండు అక్షరాలు. కాగితం మీద చూస్తే పాకకీ లంకకీ మధ్య ఖాళీ అడ్డొస్తుంది. చెవికి ఆ ఖాళీ ఉండదు. గబగబా అనండి. పాకలంకంత. పా, కలం, కంత. కలం దొరికిందా? ఆ కలాన్నే తిరగేస్తే మళ్లీ లంక వస్తుంది. సున్న తన అక్షరాన్ని వదలకుండా దానితోపాటే నడుస్తుంది కాబట్టి ఇది కుదిరింది.

అక్షరాలు కలగాపులగం చేసేవి మరో రకం. "తారుమారైన నవల కారణంగా." మూడు అక్షరాలు. నవలలోని అక్షరాలు తారుమారు చేస్తే 'వలన' వస్తుంది. ఇక్కడ అర్థం చెప్పే మాట "కారణంగా". సరిపోయిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. రెండిటినీ ఒకే వాక్యంలో పెట్టి చూడండి. వర్షం కారణంగా బస్సు రాలేదు. వర్షం వలన బస్సు రాలేదు. అతికినట్టు సరిపోయింది. జవాబు తోచగానే గళ్లలో నింపేయకుండా ఈ పరీక్ష పెట్టడం అలవాటు చేసుకుంటే తప్పులు చాలా తగ్గుతాయి.

మాటకి మాట చేర్చేవి పెద్దగా కష్టపెట్టవు. "ఏనుగుతో చేదాకు కలిస్తే పోపులో ఘుమఘుమ." ఏనుగు కరి, చేదాకు వేపాకు. కరివేపాకు. ఒకే జవాబుకి రెండు అర్థాలు ఇచ్చేవి కూడా అంతే. "వాటాకొచ్చిన గేదె ఇచ్చేది" అంటే పాలు. వాటా కూడా పాలే.

మళ్లీ నా ప్రశ్నార్థకం దగ్గరికి వస్తాను. కొన్నాళ్ల తర్వాత బియ్యప్పిండి పట్టించడానికి మరకి వెళ్లాను. లోపల బల్ల మీద కూర్చుని నా డబ్బా వంతు కోసం చూస్తున్నాను. వాకిట్లో ఒక బట్ట బ్యానర్ కట్టి ఉంది. దాని మీద ఎండ పడి అక్షరాలు లోపలికి వెనక వైపు నుంచి కనిపిస్తున్నాయి. బయట నుంచి చదివేవాళ్లకి అది "పిండి మర". నా వైపు నుంచి మొదట 'ర', తర్వాత 'మ'.

మర తిప్పినవాడికి లక్ష్మి!

పిండి డబ్బా ఇంట్లో దించగానే పాత పత్రికల కట్ట విప్పాను. ఆ సంచిక వెతికి తీసి, ఏడు అడ్డం పక్కనున్న ప్రశ్నార్థకాన్ని చెరిపేశాను.

నమస్కారం.